ఎక్స్‌రే రిపోర్టులో పేరున్న ఆ కాబ్ ఎవరు?

వెన్నెముక పక్కకు వంగిన పిల్లల ఎక్స్‌రే రిపోర్టులో ఒక లైను దాదాపు ప్రతిసారీ ఉంటుంది. కాబ్ యాంగిల్ ఇన్ని డిగ్రీలు అని. హైదరాబాద్‌లో తీసినా, గుంటూరులో తీసినా, జెడ్డాలో తీసినా అదే మాట. ఆ అంకె చూడగానే ఇంట్లో కంగారు మొదలవుతుంది. ఆపరేషన్ అంటారేమో, ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి, నలుగురికీ తెలిస్తే ఎలా అని అమ్మీకి నిద్ర పట్టదు. ఆ కంగారులో కాబ్ అంటే ఏంటని అడిగేవాళ్లు తక్కువ. చాలామంది అదేదో డాక్టర్ల భాషలో మాట అనుకుంటారు. కానీ అది ఒక మనిషి పేరు. ఆయన జీవితం తెలిస్తే, ఆ అంకెను ఎలా చూడాలో కూడా తెలుస్తుంది.

ఆయన పూర్తి పేరు జాన్ రాబర్ట్ కాబ్. 1903లో అమెరికాలోని న్యూయార్క్‌లో పుట్టారు. మొదట్లో డాక్టర్ చదువు వైపు వెళ్లలేదు. బ్రౌన్ యూనివర్సిటీలో చదివింది ఇంగ్లిష్ సాహిత్యం. 1925లో ఆ డిగ్రీ చేతికొచ్చింది. అప్పటికి మనసు వైద్యం మీదకు మళ్లింది. అయితే సాహిత్యం చదివినవాడికి మెడికల్ కాలేజీలో సీటు ఎవరిస్తారు? దానికి కావాల్సిన సైన్స్ సబ్జెక్టుల కోసం హార్వర్డ్‌లో ఇంకో ఏడాది చదివారు. ఆ తర్వాత యేల్ యూనివర్సిటీలో చేరి 1930లో డాక్టర్ పట్టా తీసుకున్నారు. ఎముకల వైద్యంలో శిక్షణ పూర్తయ్యాక, 1934లో న్యూయార్క్‌లోని ఒక పాత ఆస్పత్రిలో ఫెలోగా చేరారు.

ఆ ఆస్పత్రి 1863లో మొదలైంది. అప్పట్లో దాని పేరుకు అర్థం చెప్పుకుంటే, హెర్నియా రోగుల, అవిటివాళ్ల ఆస్పత్రి. ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంటుంది గానీ, ఆ రోజుల్లో అలాగే పిలిచేవాళ్లు. 1940లో పేరు మార్చి హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీ అన్నారు. ఎముకల వైద్యంలో ఇప్పటికీ ప్రపంచంలో పేరున్న ఆస్పత్రుల్లో అదొకటి. కాబ్‌కు అక్కడ ఒక పని అప్పజెప్పారు. వెన్నెముక పక్కకు వంగే జబ్బుకు, అంటే స్కోలియోసిస్‌కు ప్రత్యేకంగా ఒక క్లినిక్ నడపాలి. ఆయన పేరు నిలిచిపోయింది ఆ పనితోనే.

స్కోలియోసిస్‌ను మనవాళ్లు గూని అనేస్తారు. గూని అంటే వీపు ముందుకు వంగడం. ఇది వేరు. ఇందులో వెన్నెముక పక్కకు వంగుతుంది, దాంతోపాటు కొంచెం మెలి కూడా తిరుగుతుంది. ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి కనిపిస్తుంది. ముందుకు వంగి నిలబడితే వీపులో ఒకవైపు ఎత్తుగా లేస్తుంది. ఎక్కువగా 10 ఏళ్లు దాటాక, పిల్లలు గబగబా ఎదిగే వయసులో బయటపడుతుంది. బాగా ముదిరే వంపులు అబ్బాయిల కంటే అమ్మాయిల్లోనే చాలా ఎక్కువ. ఇలా ఎదిగే వయసులో వచ్చే వంపుల్లో చాలావాటికి కచ్చితమైన కారణం ఇప్పటికీ దొరకలేదు. స్కూల్ బ్యాగు మోయడం వల్లో, వంకరగా కూర్చోవడం వల్లో వచ్చేది కాదు. ఎవరి తప్పూ కాదు.

కాబ్ క్లినిక్‌కు వచ్చేనాటికి ఈ జబ్బుకు వైద్యం ఉంది గానీ, ఏది పనిచేస్తోందో ఎవరికీ లెక్క లేదు. కొందరు డాక్టర్లు కసరత్తులు చేయించేవాళ్లు. కొందరు ఛాతీ నుంచి తుంటి దాకా పిండికట్టు వేసి, దానికి మర బిగించి, కొద్దికొద్దిగా తిప్పుతూ వంపును సాగదీసేవాళ్లు. న్యూయార్క్‌లోనే రస్సెల్ హిబ్స్ అనే సర్జన్ 1911లో వెన్నుపూసల్ని ఒకదానికొకటి అతికించే ఆపరేషన్ మొదలుపెట్టారు. తర్వాత దాన్ని స్కోలియోసిస్‌కు కూడా వాడారు. ఆపరేషన్ అయ్యాక పిల్లలు నెలల తరబడి కట్టులోనే మంచం మీద ఉండాలి. చదువు ఆగిపోయేది, ఆట ఆగిపోయేది.

ఇంత చేశాక ఫలితం ఏంటి? 1941లో అమెరికా ఎముకల డాక్టర్ల సంఘం తరఫున ఒక కమిటీ 425 కేసులు తిరగేసింది. అందులో తేలింది ఎవరికీ నచ్చే విషయం కాదు. కసరత్తులతో వంపు ఆగలేదు. మొత్తం మీద మూడింట రెండొంతుల కేసుల్లో ఫలితం అంతంతమాత్రం, లేదంటే అసలు బాగాలేదు. తల్లిదండ్రుల డబ్బు, పిల్లల నెలలు ఖర్చయ్యాయి. జమ వైపు మిగిలింది తక్కువ.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. బాగైందా లేదా అని తేల్చాలంటే ముందు కొలత ఉండాలి. ఒక డాక్టర్ వీపు చూసి బాగా తగ్గింది అంటాడు, ఇంకో డాక్టర్ అదే వీపు చూసి ఏం తగ్గలేదు అంటాడు. 1895లో రాంట్‌గెన్ ఎక్స్‌రే కనిపెట్టాక లోపలి ఎముక కనిపించడం మొదలైంది. కానీ కనిపించడం వేరు, కొలవడం వేరు. ఫెర్గూసన్ అనే డాక్టర్ పద్ధతి ఒకటి వాడుకలో ఉండేది. అందులో వంపు పైచివర, మధ్యలో, కిందిచివర ఉన్న మూడు వెన్నుపూసల నడిమి బిందువుల్ని కలిపి కోణం తీస్తారు. వెన్నుపూస మెలి తిరిగి, ఆకారం మారినచోట ఆ నడిమి బిందువు ఎక్కడో తేల్చడం కష్టం.

1948లో కాబ్ తన పద్ధతిని ఎముకల డాక్టర్ల పాఠాల సంపుటిలో అచ్చు వేయించారు. స్కూల్లో జామెట్రీ బాక్సు వాడిన ఎవరికైనా అది అర్థమవుతుంది. వంపు పైభాగంలో అన్నిటికంటే ఎక్కువగా ఒరిగిన వెన్నుపూసను గుర్తించాలి. దాని పైఅంచు వెంట ఒక గీత గీయాలి. వంపు కిందిభాగంలో కూడా అలాగే ఎక్కువగా ఒరిగిన పూసను పట్టుకుని, దాని కిందిఅంచు వెంట ఇంకో గీత. ఈ రెండు గీతల మధ్య కోణమే వంపు. వంపు చిన్నదైతే ఆ గీతలు ఫిల్ము దాటి ఎక్కడో బయట కలుస్తాయి. అందుకని రెండింటికీ లంబంగా ఇంకో రెండు గీతలు గీస్తే, అవి ఫిల్ము మీదే కలుస్తాయి. కోణమాని పెట్టి చూస్తే సరి. ఒక పెన్సిల్, ఒక స్కేలు, ఒక కోణమాని. అంతకు మించి ఖర్చు లేదు.

ఈ ఆలోచన పూర్తిగా ఆయనొక్కడిదే అనడం కూడా న్యాయం కాదు. 1935లోనే లిప్‌మన్ అనే డాక్టర్ ఇలాంటి కొలత గురించి రాశారు. కానీ దాన్ని నేర్పించి, రోజూ వాడి, పదిమంది చేత వాడించినవాడు కాబ్. 1966లో స్కోలియోసిస్ డాక్టర్లందరూ కలిసి ఒక సొసైటీ పెట్టుకున్నారు. ఆ సొసైటీ కాబ్ పద్ధతినే అందరికీ ప్రమాణంగా తీసుకుంది. అప్పటి నుంచి ఒక దేశంలో తీసిన అంకె ఇంకో దేశంలో డాక్టర్‌కు అర్థమవుతోంది. ఆ మరుసటి ఏడాది, 1967లో కాబ్ చనిపోయారు. అప్పటికి సీటీ స్కాన్ కూడా రాలేదు.

కాబ్ కొలత పిచ్చి ఉన్న మనిషి మాత్రమే కాదు, సర్జన్ కూడా. వెన్నుపూసల మీంచి కండను జాగ్రత్తగా వేరు చేయడానికి ఆయన పేరుతో ఒక పరికరం ఉంది. ఇప్పటికీ వెన్నెముక ఆపరేషన్ థియేటర్లలో నర్సు చేతిలో అది కనిపిస్తుంది. అలాంటి సర్జన్ తోటి డాక్టర్లకు చెప్పింది మాత్రం తొందరపడొద్దనే. అన్ని వంపులూ పెరగవు. పెరుగుతోందని ఎక్స్‌రేల్లో తేలకముందే పిల్లల్ని కట్టులో బిగించడం, కత్తి పెట్టడం సరికాదని ఆయన వాదన. అంటే ఆయన కోణం మొదట పనికొచ్చింది డాక్టర్ చేతిని ఆపడానికి. ఈ రోజు 18, ఆరు నెలల తర్వాత కూడా 18 అయితే ఆ పిల్లను వదిలేయండి, చదువుకోనివ్వండి. 18 నుంచి 27కు పోతే అప్పుడు ఆలోచించండి. ఒక్క అంకెతో తీర్పు రాదు. రెండు అంకెల మధ్య తేడాలోనే సంగతంతా ఉంది.

ఇప్పటి డాక్టర్లు కూడా దాదాపు ఇదే దారిలో వెళ్తున్నారు. 10 డిగ్రీల లోపు ఉంటే దాన్ని స్కోలియోసిస్ అనరు. ఇంకా ఎదిగే వయసులో ఉండి వంపు సుమారు 25 దాటితే బ్రేస్, అంటే ఒంటికి బిగించే గట్టి బెల్టు వేసుకోమంటారు. 45, 50 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. బ్రేస్ నిజంగా పనిచేస్తుందా అనే అనుమానం చాలాకాలం ఉండేది. 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం దాన్ని తీర్చింది. బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి వంపు ఆపరేషన్ దాకా పోలేదు, వేసుకోనివాళ్లలో అది 48 శాతమే. ఆ 48ని కూడా గమనించాలి. ఏమీ చేయకపోయినా దాదాపు సగం మందికి ఆపరేషన్ హద్దు దాకా వెళ్లలేదన్నమాట.

కాబ్ పద్ధతికి లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఎక్కువ ఒరిగిన పూస ఏదో ఎంచుకోవడంలో ఇద్దరు డాక్టర్లకు తేడా రావచ్చు. మసకగా ఉన్న అంచు వెంట గీత కొంచెం అటూ ఇటూ పోవచ్చు. ఒకే ఫిల్మును ఇద్దరు కొలిస్తే సుమారు 5 డిగ్రీల తేడా రావడం మామూలే. 24 కాస్తా 27 అయిందంటే వంపు పెరిగిందని కాదు, కొలతలోనే అంత తేడా ఉండొచ్చు. పైగా వెన్నెముక మెలి తిరగడం ఈ కోణంలో కనపడదు. ఎక్స్‌రే ఫిల్ము చదునుగా ఉంటుంది, వంపు మాత్రం మూడు వైపులా ఉంటుంది.

ఇంకో లోపం కాలం గడిచాక గానీ తెలియలేదు. తేడా చూడాలంటే మళ్లీ మళ్లీ ఎక్స్‌రే తీయాలి. 1912 నుంచి 1965 మధ్య అమెరికాలో ఈ జబ్బు బయటపడిన 5,573 మంది ఆడవాళ్ల వివరాలను పరిశోధకులు తర్వాత పరిశీలించారు. ఒక్కొక్కరికీ సగటున 25 దాకా ఎక్స్‌రేలు తీశారు. మామూలు ఆడవాళ్లతో పోలిస్తే వీళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోవడం సుమారు 70 శాతం ఎక్కువని 2000లో ఆ అధ్యయనం చెప్పింది. అవి పాత మిషన్లు, రేడియేషన్ ఎక్కువ. ఇప్పుడు డోసు బాగా తగ్గింది, ఛాతీకి తక్కువ తగిలేలా వీపు వైపు నుంచి తీస్తున్నారు. అయినా అనవసరంగా ఎక్స్‌రే తీయించొద్దనే పాఠం మిగిలింది.

ఇప్పుడు కాబ్ పెన్సిల్ కంప్యూటర్ చేతికి వచ్చింది. మొదట్లో డాక్టర్ మౌస్‌తో చుక్కలు పెడితే కంప్యూటర్ కోణం లెక్కేసేది. కోణమానితో వచ్చే తప్పు పోయింది గానీ, చుక్క ఎక్కడ పెట్టాలనేది మనిషి చేతిలోనే ఉంది. తర్వాత ఆ చుక్కలు కూడా కంప్యూటరే పెట్టడం నేర్చుకుంది. 2019లో చైనాలోని షెన్‌జెన్‌లో జరిగిన మెడికల్ ఇమేజింగ్ సదస్సులో దీని మీద ఒక పోటీ పెట్టారు. అందులో 609 ఎక్స్‌రేలు ఇచ్చారు. ఛాతీ వెనక 12 పూసలు, నడుములో 5, కలిపి 17. ఒక్కో పూసకు నాలుగు మూలలు, అంటే ఒక్కో ఎక్స్‌రేలో 68 చుక్కలు. వాటిని చూసి కాబ్ కోణం సొంతంగా లెక్కించాలి.

కంప్యూటర్ ఈ పని క్షణాల్లో చేస్తుంది. అలసిపోదు, నిన్న ఒకలా ఇవాళ ఒకలా కొలవదు. కానీ పక్కటెముకలు, గుండె నీడ, భుజం ఎముకలు అడ్డొచ్చినచోట పైపూసల అంచు దొరక్క తడబడుతుంది. ఒక్క పూసను తప్పుగా లెక్కపెడితే అంకె మొత్తం మారిపోతుంది. అందుకే మిషన్ గీసిన గీతల్ని డాక్టర్ ఒకసారి కళ్లతో చూసుకోవాలి. ఇంత టెక్నాలజీ వచ్చినా, అది లెక్కిస్తున్నది మాత్రం 1948లో సాహిత్యం చదివిన ఒక డాక్టర్ పెన్సిల్‌తో గీసిన ఆ రెండు గీతల మధ్య కోణాన్నే.

మన ఇళ్లలో రెండు తప్పులు జరుగుతుంటాయి. ఆడపిల్ల వీపు సంగతి బయటికి పొక్కకూడదని దుపట్టా కింద దాచేసి, ఎదిగే వయసు కాస్తా దాటిపోయాక ఆస్పత్రికి వెళ్లడం ఒకటి. మొదటి రిపోర్టులో అంకె చూడగానే బెంబేలెత్తి, ఆస్పత్రి తర్వాత ఆస్పత్రి తిరిగి కొత్త ఎక్స్‌రేలు తీయించడం రెండోది. కాబ్ జీవితం ఈ రెండింటికీ జవాబు చెబుతుంది. ఎదిగే వయసులోనే చూపించాలి. పాత ఫిల్ములు, సీడీలు పారేయకుండా ఫైల్లో దాచాలి. తర్వాతి ఎక్స్‌రే కూడా నిలబడే తీశారా, పోయినసారి తీసుకున్న పూసల మధ్యే కొలిచారా అని డాక్టర్‌ను అడగాలి. తేడా 5 డిగ్రీల కంటే ఎక్కువ ఉందా అని కూడా అడగాలి. ఈ ప్రశ్నలు అడగడానికి డాక్టర్ చదువు అక్కర్లేదు. మంచి డాక్టర్ ఎవరూ వీటికి విసుక్కోరు.