సినిమా కాదన్న పాటే రాష్ట్ర గీతమైంది

తిరుపతి: బడి పిల్లలు మొదలుకొని పెద్దల సభల వరకు గొంతు కలిపి పాడుకున్న 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' గీతం వెండితెర తిరస్కరించిన పాట అంటే నేటి తరానికి ఆశ్చర్యమే. ఆ గీతకర్త శంకరంబాడి సుందరాచారి 1914 ఆగస్టు 10న తిరుపతిలో జన్మించారు. మాతృభాష తమిళమైనా తన కలాన్ని తెలుగు తల్లికే అంకితం చేశారు. యౌవనంలో ఇల్లు విడిచి, పొట్టకూటి కోసం హోటల్లో సర్వరుగా, రైల్వే కూలీగా శ్రమించారు. అనంతరం ఆంధ్రపత్రికలో, విద్యాశాఖలో ఉద్యోగాలు చేశారు.

1942 నాటి చిత్తూరు నాగయ్య చిత్రం 'దీనబంధు' కోసం ఆయన ఈ గీతం రచించగా, చిత్రంలో దానికి చోటు దక్కలేదు. అదే మేలైందేమో! టంగుటూరి ప్రకాశం పంతులు సోదరుని కుమార్తె సూర్యకుమారి మధుర కంఠంతో గ్రామఫోను రికార్డుగా వెలువడి, ఆ పాట ఊరూరా మారుమోగింది. చిత్రాన్ని మరచినవారు సైతం పాటను మరువలేదు.

1975లో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల వేళ ప్రభుత్వం దానిని రాష్ట్ర గీతంగా గౌరవించింది. గీతానికి దక్కిన వైభవం కవి బతుకును మాత్రం తాకలేదు. గీతాంజలిని తెనిగించి, సుందర రామాయణం రచించిన సుందరాచారి చివరి రోజులు పేదరికంలోనే గడిచాయి. మహాసభలు ముగిసిన రెండేళ్లకు, 1977 ఏప్రిల్ 8న ఆయన కన్నుమూశారు.