న్యాయాధిపతి డేవిడ్ డేవిస్

అబ్రహాము లింకను పేరు వినని విద్యార్థి యుండడు. కఱ్ఱదుంగల గుడిసెలో జన్మించి అమెరికా సంయుక్త రాష్ట్రములకు అధ్యక్షుడైన ఆ మహనీయుని కథను మనము చిన్న తరగతులలోనే చదువుకొందుము. కాని ఆయనను ఆ పదవికి చేర్చుటకు రేయింబవళ్లు పాటుపడి, ఆయన మరణించిన పిమ్మట ఆయన ఆస్తిని, కాగితములను భద్రపఱచి, అట్టి మిత్రుడయ్యును ఆయన ప్రభుత్వము చేసిన యొక కార్యము చట్టవిరుద్ధమని తీర్పు వ్రాసిన మనుష్యుని పేరు కొలదిమందియే యెఱుగుదురు. ఆయనయే డేవిడ్ డేవిస్. స్నేహమును న్యాయమును ఒకే హృదయమందు ఎట్లు నిలుపుకొనవచ్చునో ఆయన జీవితము మనకు చూపుచున్నది.

డేవిస్ 1815వ సంవత్సరము మార్చి 9వ తేదీన మేరీలాండు రాష్ట్రములోని సెసిల్ కౌంటీయందు జన్మించెను. తండ్రి వైద్యుడు, కాని కుమారుడు పుట్టకమునుపే ఆయన గతించెను. అందుచేత బాలుడు కొంతకాలము అనాపొలిస్ నగరములో క్రైస్తవ గురువుగా నున్న పినతండ్రి సంరక్షణమున పెరిగెను. ఒహాయో రాష్ట్రములోని కెన్యన్ కళాశాలయందు చదివి 1832లో పట్టము పొందెను. పిమ్మట మాసచూసెట్సు రాష్ట్రములో లెనాక్సు అను గ్రామమున ఒక న్యాయవాదియొద్ద పనిచేయుచు ధర్మశాస్త్రము నభ్యసించెను. ఆ లెనాక్సులోనే సారా వాకరు అను కన్యతో పరిచయము కలిగెను. 1838లో వారికి వివాహమయ్యెను.

తూర్పు పట్టణములలో న్యాయవాదులకు కొఱత లేదు. అందుచే ఇరువదియేండ్ల యువకుడైన డేవిస్ 1835లో పడమటి సరిహద్దునందలి ఇల్లినాయ్ రాష్ట్రమునకు పోయి, మొదట పెకిన్ అను ఊరను, మఱుసటి యేడు బ్లూమింగ్టన్ అను ఊరను నివసించెను. ఇల్లినాయ్ రాష్ట్రముగా నేర్పడి అప్పటికి ఇంచుమించు పదునెనిమిదేండ్లు మాత్రమే. బ్లూమింగ్టన్ పుట్టి అయిదేండ్లు. కనుచూపు మేర గడ్డిమైదానములు. నడుమ నడుమ కఱ్ఱయిండ్లు. ఆ నేలను తరతరములుగా తమదిగా నెంచిన ఆదిమజాతులవారు కొలది యేండ్లకు ముందే అచటినుండి వెడలగొట్టబడిరి. 1832లో జరిగిన యుద్ధము అందులకు తుదిఘట్టము. ఈ సంగతి మఱచి సరిహద్దు వీరుల కథలు చెప్పుట న్యాయము కాదు.

బ్లూమింగ్టనులో జెస్సీ ఫెల్ అను న్యాయవాది భూముల వ్యాపారమునకు దిగగా, డేవిస్ ఆయన వదలిన వకీలు పనిని చేపట్టెను. అచటి వ్యాజ్యములు చాలవఱకు అప్పులను గూర్చియు, పొలముల హద్దులను గూర్చియు వచ్చునవి. 1837లో దేశమంతట ద్రవ్యసంక్షోభము కలిగి, పెక్కుమంది అప్పులపాలైరి. డేవిస్ గొప్ప వక్త కాడు. కాని లెక్కలలో జాగ్రత్త, మాటలో నిలుకడ, కాగితములను క్రమముగా నుంచుకొను అలవాటు ఆయనకు కలవు. భూములు కొని, అమ్మక నిలుపుకొని, కాలక్రమమున ఆయన మిక్కిలి ధనవంతుడయ్యెను.

1844లో ప్రజలు ఆయనను రాష్ట్ర శాసనసభకు ఎన్నుకొనిరి. 1847లో రాష్ట్రమునకు క్రొత్త రాజ్యాంగము వ్రాయుటకు కూడిన సభలోను ఆయన సభ్యుడు. ఆ రాజ్యాంగము ప్రకారము న్యాయాధిపతులను ప్రజలే యెన్నుకొనవలసి యుండెను. 1848లో డేవిస్ ఎనిమిదవ సర్క్యూటునకు న్యాయాధిపతిగా ఎన్నుకొనబడి, 1862 వఱకు ఆ పదవియందుండెను.

సర్క్యూటు అనగా నేమో బాలురు తెలిసికొనవలెను. పూర్వము మన జిల్లాలలో కలెక్టర్లు జమాబందికై ఊరూర మకాము వేసినట్లు, అచట న్యాయస్థానమే ప్రజలయొద్దకు ప్రయాణము చేయుచుండెను. ఎనిమిదవ సర్క్యూటులో మొదట 14 కౌంటీలుండెను. వసంతకాలమున నొకసారి, శరత్కాలమున నొకసారి న్యాయాధిపతి వీనినన్నిటిని వరుసగా తిరిగి, ఒక్కొక్క పట్టణమున కొన్ని దినములుండి వ్యాజ్యములు విచారింపవలెను. ఒక్కొక్క పర్యటనమునకు ఇంచుమించు మూడు నెలలు పట్టును. దూరము 400 మైళ్లకు పైబడును. వంతెనలు లేని యేఱులు, ఇరుసువఱకు దిగబడు బురద, ఇద్దఱు ముగ్గురకు ఒకే మంచమిచ్చు పూటకూళ్లయిండ్లు. డేవిస్ మాత్రము 300 పౌనులకు మించిన స్థూలకాయుడగుటచే ఆయనకు ప్రత్యేకముగా ఒక మంచము దొరకుచుండెనట!

న్యాయాధిపతితో కూడ న్యాయవాదులును బండ్లమీదను గుఱ్ఱములమీదను బయలుదేరుదురు. వారిలో పెక్కురు రెండు మూడు కౌంటీలు తిరిగి యింటికి మరలిపోవుదురు. తుదివఱకు తిరుగువారు మిక్కిలి కొలదిమంది; వారిలో లింకను ఒకడు. పగలు న్యాయసభలో ఒకరు పీఠముమీద, ఒకరు దానియెదుట. రాత్రి పొయ్యిచుట్టు కూర్చుండి ఇరువురును మిత్రులు. ఎన్నడైనను డేవిస్ ఊరు విడువవలసి వచ్చినప్పుడు లింకనునే తన పీఠముమీద కూర్చుండబెట్టి పోవుటయు కలదు.

ఈ సంగతులు మనకెట్లు తెలిసినవి? ఆ పర్యటనములనుండి డేవిస్ తన భార్యకు ఉత్తరములు వ్రాయుచుండెను. చెడిపోయిన దారులు, మురికి సత్రములు, రుచిలేని భోజనము, తోడి న్యాయవాదుల ముచ్చటలు, ఇంటిమీద బెంగ, అన్నియు అందు కలవు. ఆ యుత్తరములును, భూముల లెక్కలును, వ్యవహారముల కాగితములును కుటుంబమువారు పారవేయక దాచిరి. నేడవి ఇల్లినాయ్ రాజధానియైన స్ప్రింగ్‌ఫీల్డులో లింకను పేరిట నున్న గ్రంథాలయమున భద్రముగా నున్నవి. ఇంటికి వ్రాసిన మామూలు జాబులే నేడు చరిత్రకారులకు ఆధారములైనవి.

1860లో రిపబ్లికను పక్షమువారు అధ్యక్షపదవికి అభ్యర్థిని నిర్ణయించుటకు చికాగో నగరమున కూడిరి. న్యూయార్కు నాయకుడైన సీవర్డే గెలుచునని అందఱును తలంచిరి. డేవిస్ ఒక హోటలులో మకాము పెట్టి, సర్క్యూటు మిత్రులను కూడగట్టి, ఒక్కొక్క రాష్ట్ర ప్రతినిధులయొద్దకు మనుష్యులను పంపి, లింకను పక్షమున పనిచేసెను. మొదటి పర్యాయము సీవర్డునకు 173½ ఓట్లు, లింకనునకు 102 ఓట్లు వచ్చెను. మూడవ పర్యాయమున లింకను గెలిచెను. ఆ యేటి నవంబరులో అధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను. దేశములో అంతర్యుద్ధము చెలరేగిన పిమ్మట, 1862లో ఆయన డేవిసును సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నియమించెను.

ఇక డేవిస్ జీవితమున గొప్ప పరీక్ష వచ్చెను. యుద్ధకాలమున లింకను ప్రభుత్వము రాజద్రోహులని తోచినవారిని సైనిక న్యాయసభల యెదుట విచారింపజేయుచుండెను. ఇండియానా రాష్ట్రమున లాంబ్డిన్ మిలిగన్ అను పౌరుడు 1864 అక్టోబరులో పట్టుబడెను. తిరుగుబాటుదారులకు తోడ్పడుటకు కుట్ర పన్నెనని ఆయనపై మోపబడిన నేరము. సైనికసభ ఆయనకు ఉరిశిక్ష విధించెను. మిలిగన్ సైనికుడు కాడు. ఇండియానాలో సాధారణ న్యాయస్థానములు తెఱచియే యుండెను. అచట కూడిన గ్రాండుజూరీ ఆయనపై నేరము మోపక చాలించెను. 1865 ఏప్రిలులో లింకను హత్య చేయబడెను. మిలిగనునకు ఉరి తప్పి యావజ్జీవ కారాగారవాసము మిగిలెను. వ్యాజ్యము సుప్రీంకోర్టునకు వచ్చెను.

డేవిస్ మనస్సు ఎట్లుండెనో ఊహింపుడు. ఆయనను ఆ పీఠమున కూర్చుండబెట్టినది లింకను. విచారింపబడుచున్నది లింకను కాలపు చర్య. ఎదుట నున్న మిలిగను ఆ లింకను ప్రభుత్వమునకు శత్రువు. చనిపోయిన మిత్రుని కీర్తి ఒకప్రక్క, చట్టము ఒకప్రక్క. న్యాయస్థానము 1866 ఏప్రిలులో మిలిగనును విడుదల చేయించెను. ఆ యేడు డిసెంబరులో డేవిస్ తీర్పు కారణములను వివరించి చదివెను. సాధారణ న్యాయస్థానములు నిరాటంకముగా నడచుచున్నచోట సైనికసభ పౌరుని విచారింపజాలదనియు, రాజ్యాంగము శాంతికాలమునకే కాక యుద్ధకాలమునకును శాసనమే యనియు ఆయన నిర్ణయించెను. మిలిగనును విడువవలెనని తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకీభవించిరి. కాని శాసనసభ చట్టము చేసియైనను అట్టి సభలను నెలకొల్పజాలదన్న మాటకు నలుగురు ఒప్పుకొనలేదు.

డేవిసును స్వపక్షమువారే నిందించిరి. వారి నిందలో కొంత ఆలోచింపదగినది లేకపోలేదు. దక్షిణ రాష్ట్రములలో అప్పుడే దాస్యవిముక్తులైన నీగ్రో ప్రజలకు సైన్యమే రక్షణముగా నుండెను. ఈ తీర్పు ఆ రక్షణమును బలహీనపఱచునేమో యని వారు భయపడిరి. అయినను పాలకుడు ఎంత మంచివాడైనను చట్టమునకు లోబడియే యుండవలెనన్న సూత్రమునకు ఈ తీర్పు నేటివఱకు ఆధారముగా చెప్పబడుచున్నది.

మిత్రధర్మమునందు డేవిస్ వెనుకంజ వేసెనా? ఎంతమాత్రమును లేదు. లింకను మరణశాసనము వ్రాయకయే మరణించెను. జ్యేష్ఠపుత్రుడైన రాబర్టు పిలువగా డేవిస్ ఆస్తి నిర్వహణమును పూనుకొని, ఋణములు వసూలుచేసి, సొమ్మును వృద్ధిపొందించి, 1,10,000 డాలర్లకు పైబడిన మొత్తమును వితంతువునకును ఇద్దఱు కుమారులకును సమముగా పంచెను. చట్టము ప్రకారము తనకు రావలసిన ప్రతిఫలమును పుచ్చుకొనలేదు. లింకను కాగితములును పెట్టెలలో బ్లూమింగ్టనునకు తేబడి ఆయన రక్షణమున నుంచబడెను. 1874లో వానిలో చాలభాగము వాషింగ్టనునకు మరలిపోయెను. రాబర్టు వానిని జాతీయ గ్రంథాలయమునకు సమర్పించి, తాను చనిపోయిన 21 ఏండ్లవఱకు తెఱవరాదని నియమము పెట్టెను. 1947 జూలై 26న అవి ప్రజలకు తెఱవబడెను. తీర్పులో లింకను చర్యను కాదన్న చేతులే ఆయన కాగితములను కాపాడినవి.

1877లో అధ్యక్షుని యెన్నిక తగవు పడగా దానిని తీర్చుటకు 15 మంది సంఘమొకటి ఏర్పడెను. ఏ పక్షమునకును చేరనివాడుగా డేవిసునే పదునైదవ సభ్యునిగా అందఱును తలపోసిరి. అంతలో ఇల్లినాయ్ శాసనసభ ఆయనను సెనేటునకు ఎన్నుకొనెను. ఆయన ఆ సంఘమున చేరుటకు నిరాకరించి, న్యాయమూర్తి పదవిని వదలి సెనేటరయ్యెను. సంఘము 8కి 7 ఓట్లతో తీర్పు చెప్పెను. డేవిస్ తప్పించుకొనెనని కొందఱు, తగినట్లే చేసెనని కొందఱు నేటికిని వాదింతురు. 1881 మొదలు 1883 వఱకు ఆయన సెనేటు తాత్కాలికాధ్యక్షుడుగా నుండెను. అప్పుడు ఉపాధ్యక్షుడు లేనందున, దేశాధ్యక్షునకు వెనువెంటనే ఆ స్థానమునకు రాదగినవాడు ఆయనయే. 1886 జూన్ 26న బ్లూమింగ్టనులోని తన గృహమున ఆయన కన్ను మూసెను. ఆ గృహమును రాష్ట్రమువారు నేటికిని స్మారకముగా కాపాడుచున్నారు.

విద్యార్థులారా, స్నేహితుడు మనవాడగుటచే ఆయన చేసినదెల్ల సరియనుట సులభము. ఆయన చేసినది తప్పని తోచినప్పుడు ఆయనను విడనాడుటయు సులభమే. డేవిస్ ఈ రెండును చేయలేదు. పీఠముమీద చట్టము చెప్పినట్లు చెప్పెను; పీఠము దిగి మిత్రుని బిడ్డలకు తండ్రివలె నిలిచెను. రేపు మీలో కొందఱు వకీళ్లు కావచ్చును, అధికారులు కావచ్చును, పంచాయతీలలో తగవులు తీర్పవచ్చును. అప్పుడు మీవాని తప్పు మీ ముందుకు వచ్చినయెడల, ఈ బ్లూమింగ్టను న్యాయాధిపతిని జ్ఞాపకము చేసికొనుడు.