గురురాయల గృహస్థాశ్రమము

మంత్రాలయ క్షేత్రమున తుంగభద్రలో స్నానమాడి, బృందావనమునకు ప్రదక్షిణము చేయు భక్తుల హృదయములయందు శ్రీ రాఘవేంద్రస్వామివారు కాషాయాంబరధారులైన యతీంద్రులుగనే భాసించుచుందురు. వారి మహిమలు ఇంటింటను చెప్పుకొనబడుచున్నవి. కాని ఆ మహనీయులు సన్న్యసించుటకు పూర్వము ఒక పేద గృహస్థులు. భార్యాపుత్రులతో కూడ పస్తులుండిన సంసారులు. సంసారములో నుండి స్వామిని సేవించుకొను మనవంటి వారికి వారి చరిత్రలో ఈ భాగము మిక్కిలి స్మరణీయము.

స్వామివారి పూర్వులు వీణావిద్వాంసులు. ముత్తాతగారైన కృష్ణభట్టు శ్రీకృష్ణదేవరాయలవారికి వీణ నేర్పిరని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. 1565లో జరిగిన రాక్షసి-తంగడి యుద్ధముతో విజయనగర వైభవము అస్తమించెను. రాజాశ్రయమును నమ్ముకొనిన విద్వత్కుటుంబము లెన్నియో చెల్లాచెదరైనవి. ఆ వంశమువారైన తిమ్మణ్ణభట్టు, ధర్మపత్ని గోపికాంబతో దక్షిణదేశమునకు తరలిపోయి, తుదకు చిదంబర సమీపమున గల భువనగిరిలో నిలిచిరి. గురురాజుడను కుమారుడును, వేంకటాంబ యను కుమార్తెయు కలిగిన పిమ్మట, వంశోద్ధారకుడైన మరియొక పుత్రుని కోరి ఆ దంపతులు తిరుమలేశుని సేవించిరి. 1595లో వారికి కుమారుడు కలిగెను. ఏడుకొండలవాని ప్రసాదమే యని ఆ శిశువునకు వేంకటనాథుడని పేరిడిరి.

బాల్యముననే తండ్రిగారు పరమపదించిరి. ఇంటిభారము అన్నగారైన గురురాజునిపై బడెను. లేమిలో నున్న కుటుంబము పిల్లవానికి వేగిరముగ ఏదేని వృత్తి చూపుట లోకసహజము. ఆ యింటివారు అట్లు చేయక, మధురలో నున్న బావగారు లక్ష్మీనరసింహాచార్యులవారి యొద్దకు చదువునకై పంపిరి. రాజ్యము పోయినను, ఆశ్రయము పోయినను, విద్య నిలిచియుండిన వంశము నిలుచునని వారి నిశ్చయము.

విద్య ముగించుకొని వచ్చిన వేంకటనాథులకు సరస్వతీదేవి యను సాధ్వితో వివాహమయ్యెను. పిదప వారు కుంభకోణమున శ్రీ సుధీంద్రతీర్థులవారి సన్నిధి చేరి శాస్త్రములను అభ్యసించిరి. ఒకనాటి రాత్రి శిష్యులందరు నిద్రించుచుండగా వీరొక్కరే న్యాయసుధపై వ్యాఖ్య వ్రాయుచు, అలసి, చలిలో కప్పుకొన వస్త్రమైనను లేక అట్లే నిద్రపోయిరట. ఆ దారిని వచ్చిన గురువులు ఆ వ్రాతను చూచి ఆనందపరవశులై, తమ శాటిని శిష్యునిపై కప్పి వెడలిరట. న్యాయసుధకు వారొనర్చిన వ్యాఖ్యానము పరిమళమని ప్రసిద్ధి కెక్కినది.

అంతటి పండితుని యింట పొయ్యి రాజుకొనని దినములు పెక్కు. ఏకాదశి కాని దినములలో సైతము ఉపవాసములే. కట్టుబట్టలకును కరవే. అందుపై ఒకనాడు దొంగలు పడి, ఉన్న నాలుగు పాత్రలను గూడ ఎత్తుకొనిపోయిరని చెప్పుదురు. ఇంతకును కారణమేమి? వేంకటనాథులు తమను ఆశ్రయించిన విద్యార్థులకు వేదశాస్త్రములు చెప్పుచు, ప్రతిఫలముగా ఏమియు అడిగెడివారు కారు. విద్యను విక్రయింపరాదని వారి వ్రతము. వ్రతము భర్తది, దాని భారము మోసినది భార్య. బిడ్డ ఆకలి చూడలేని తల్లి తన భర్త నియమమునకు అడ్డురాకుండుట సామాన్యమైన తపస్సా?

ఒక సంతర్పణలో ఈ బీదబ్రాహ్మణుని తేలికగ జూచి, గంధము తీయుమని నియమించిరట. వారు అగ్నిసూక్తమును జపించుచు తీసిన గంధము పూసుకొనినవారికి శరీరములు మండెను. అంతట వారే వరుణమంత్రముతో ఆ తాపమును చల్లార్చిరి. మంత్రము వశమైనవారు సిరిని రప్పించుకొనలేరా? తమ ఆకలి తీర్చుకొనుటకై మాత్రము ఆ శక్తిని వినియోగింపలేదు.

సుధీంద్రతీర్థులు తమ అనంతరము పీఠమును వీరికి అప్పగింపదలచిరి. పీఠమనగా గౌరవము, పస్తులకు ముగింపు. అయినను వేంకటనాథులు అంగీకరింపలేదు. భార్య చిన్నది, కుమారుడైన లక్ష్మీనారాయణునకు ఇంకను ఉపనయనము కాలేదు, ఈ బాధ్యతలు విడిచి ఎట్లు వచ్చెదనని విన్నవించుకొనిరి. పిమ్మట విద్యాధిదేవత స్వప్నమున సాక్షాత్కరించి ఆజ్ఞాపింపగా, ముందు కుమారుని ఉపనయనము జరిపించి, 1621లో తంజావూరున రాఘవేంద్రతీర్థ నామముతో సన్న్యాసము స్వీకరించిరి. అప్పుడు అచట రఘునాథనాయకుడు రాజ్యమేలుచుండెను.

ఇచట మనము సరస్వతీదేవిని మరువరాదు. భర్త యతియగుచున్నాడని విని, ఒక్కమారు చూడవలెనని పరుగిడిన ఆ యిల్లాలు దారిలో పాడుబావిలో పడి ప్రాణములు విడిచెను. తీరని కోరికతో ప్రేతరూపమున మఠమునకు వచ్చిన ఆమెపై స్వామివారు తీర్థము ప్రోక్షించి సద్గతి నొసగిరని సంప్రదాయము. లోకమునకు గురువు లభించినాడు; ఒక యింటికి గృహస్థు లేకపోయెను. గురువుల తపస్సును కీర్తించువారు ఆమె పస్తులను, ఆమె కన్నీటిని గూడ స్మరించుట న్యాయము.

పిదప ఏబది యేండ్లు స్వామివారు దేశాటనము, పాఠప్రవచనములు, గ్రంథరచన సాగించిరి. బీదతనము నెరిగినవారగుటచే దీనులయెడ వారి దయ అపారము. తల్లిదండ్రులు లేని వెంకన్న యను నిరక్షరుడు వారి యనుగ్రహమున అక్షరజ్ఞానము పొంది ఆదవానిలో దివానయ్యెనని ప్రసిద్ధి. నవాబు సారవంతమైన గ్రామముల నీయబోగా, స్వామివారు ప్రహ్లాదుడు యజ్ఞము చేసిన స్థలమని మంచాల యను చిన్న గ్రామమునే కోరిరట. ఆ మంచాలయే నేటి మంత్రాలయము. అచటనే 1671లో శ్రావణ బహుళ విదియనాడు వారు సజీవముగ బృందావన ప్రవేశము చేసిరి.

ఆ కుటుంబము మేలైన బ్రతుకును కోరలేదా? కోరినది. కాని విద్యను అమ్మి, బాధ్యతను విడిచి వచ్చెడి మేలును కోరలేదు. మన ఇండ్లలోను ఇబ్బందులు కలవు. పిల్లల చదువులకు కష్టపడు తల్లిదండ్రులును, తమ్ముల భారము మోయు అన్నలును, మాటాడక పస్తుండు ఇల్లాండ్రును నేటికిని కలరు. గురురాయల యింటి కథ వారికి ధైర్యము నొసగుగాక. మంత్రాలయమున బృందావన దర్శనమైన పిదప అన్నప్రసాదమునకు పంక్తిలో కూర్చుండునపుడు, విస్తరిలో మొదటి ముద్ద చేత దీసికొని, ఒకనాడు ఈ స్వామి యింట అన్నము లేకుండెనని ఒక్క క్షణము తలచుకొనుడు.