సర్ ఐవాన్ మాగిల్: ఊపిరి చప్పుడు విన్న మనిషి

మాది వ్యవసాయ కుటుంబం. నిరుడు పత్తికి మందు కొడుతూ మా చిన్నాన్న చేలోనే పడిపోయాడు. దగ్గరి ఆస్పత్రిలో నోటిగుండా గొట్టం వేసి, పెద్దాస్పత్రికి పంపారు. అక్కడి డాక్టరమ్మగారు ముందుగా పళ్ళ దగ్గర గొట్టం మీది అంకె చూశారు. 26 ఉంది. రొమ్ముకు రెండు పక్కలా స్టెతస్కోపు పెట్టి విన్నారు. ఎడమ పక్క ఊపిరి చప్పుడు లేదు. దారిలో గొట్టం లోపలికి జారిందట. 3 సెంటీమీటర్లు వెనక్కి లాగారు. ఎడమ రొమ్ము లేచింది. తలుపు దగ్గర నిలబడి ఇదంతా కళ్ళారా చూశాను. చిన్నాన్న బతికాడు.

ఆ 3 సెంటీమీటర్ల సంగతి నన్ను వదల్లేదు. లైబ్రరీలో వెతుకుతుంటే దొరికింది ఐవాన్ మాగిల్ జీవితం.

ఆయన 1888 జూలై 23న ఉత్తర ఐర్లండులోని లార్న్ అనే రేవు పట్టణంలో జన్మించారు. 1913లో బెల్‌ఫాస్టులోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పొందారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో డాక్టరుగా పనిచేశారు. యుద్ధం ముగిశాక, 1919లో ఆయన్ని లండన్ దగ్గరున్న సిడ్‌కప్ సైనిక ఆస్పత్రికి మత్తు డాక్టరుగా వేశారు. విచిత్రమేమిటంటే, ఆ విద్యలో ఆయనకు ప్రత్యేక శిక్షణ ఏమీ లేదు!

సిడ్‌కప్‌లో ఉన్నవాళ్ళు దవడలూ ముక్కులూ పోగొట్టుకున్న సైనికులు. సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు హెరాల్డ్ గిల్లీస్ అక్కడ వాళ్ళ ముఖాలను తిరిగి నిర్మిస్తున్నారు. కోయవలసింది ముఖమే అయినప్పుడు మత్తు మాస్కు ఎక్కడ పెట్టాలి? నెత్తురు గొంతులోకి దిగకుండా ఎలా ఆపాలి? నోటిగుండా శ్వాసనాళంలోకి గొట్టం పంపడం 1878లోనే గ్లాస్గోలో విలియం మెకెవన్ చేసి చూపారు గానీ, అది వాడుకలోకి రాలేదు. మాగిల్, ఆయన సహచరుడు స్టాన్లీ రోబోథం మొదట రెండు సన్నని గొట్టాలు వాడారు. ఒకటి గాలి లోపలికి పోవడానికి, ఒకటి బయటికి రావడానికి. తర్వాత ఒకే వెడల్పాటి రబ్బరు గొట్టం చాలునని తేల్చారు. చుట్టలుగా అమ్మే రబ్బరు గొట్టం తెచ్చి మాగిల్ తానే ముక్కలు కోసుకునేవారు. చుట్టలో వచ్చిన వంపే గొంతు వంపుకు సరిపోయింది.

ఆ ముక్కల మీద కొలత గీతలు ఎక్కడివి? ఆయన చెవినే నమ్ముకున్నారు. రోగి ఊపిరి తీస్తుండగా ముక్కుగుండా గొట్టం నెమ్మదిగా పంపుతూ, బయటి కొస దగ్గర చప్పుడు వినేవారు. చప్పుడు బలపడితే దారి సరైనదే. ఆగిపోతే దారి తప్పినట్టు.

అయితే దారి దొరకడం ఒకటి, లోతు కుదరడం ఒకటి. పెద్దవాళ్ళలో శ్వాసనాళం పొడవు సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్లే. దాని అడుగున రెండు కొమ్మలుంటాయి. కుడి కొమ్మ వెడల్పుగా, నిటారుగా ఉంటుంది గనుక లోతుకు పోయిన గొట్టం ఎక్కువగా అందులోకే దిగుతుంది. ఎడమ ఊపిరితిత్తికి గాలి అందదు. అలాగని మరీ పైన ఉంచితే ఊడి వస్తుంది. మామూలుగా పళ్ళ దగ్గర ఆడవాళ్ళకు 21, మగవాళ్ళకు 23 సెంటీమీటర్లు అంటారు. పొట్టి పొడుగులను బట్టి అదీ మారుతుంది. మెడ వంచితే గొట్టం కిందికి, వెనక్కి వాల్చితే పైకి జరుగుతుంది. అందుకే అంకె చూస్తారు, రొమ్ము రెండు పక్కలా లేస్తోందా చూస్తారు, చప్పుడు వింటారు, ఆపైన ఎక్స్‌రే తీస్తారు. కార్బన్ డయాక్సైడ్ కొలిచే యంత్రం గొట్టం శ్వాసమార్గంలో ఉందనే చెబుతుంది, ఎంత లోతున ఉందో చెప్పదు.

మాగిల్ ఈ ప్రమాదాన్నే పనిముట్టుగా మలిచారు. 1930ల్లో లండన్ బ్రాంప్టన్ ఆస్పత్రిలో ఊపిరితిత్తుల ఆపరేషన్ల కోసం, చెడిన వైపు చీము మంచి వైపుకు పారకుండా, గొట్టాన్ని కావాలనే ఒక కొమ్మలోకి పంపే పద్ధతి రూపొందించారు. మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి డిప్లొమా 1935లో ఇంగ్లండులో మొదలవడం వెనక ఆయన కృషి ఉంది. శిక్షణ లేకుండా దిగినవాడు ఇతరులకు శిక్షణ ఏర్పాటు చేశారన్నమాట! 1960లో సర్ బిరుదు వచ్చింది. 1986 నవంబరు 25న, 98 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. గొంతులో గొట్టాన్ని దారికి తెచ్చే మాగిల్ పటకారు నేటికీ ఆపరేషన్ థియేటర్లలో ఉంది.

బోరులో మోటారు దించేటప్పుడు మా నాన్న పైపులు లెక్కపెడతాడు. లెక్క సరిపోయినా నీళ్ళు పడేదాకా అక్కణ్ణించి కదలడు. మన లాబొరేటరీలో రీడింగు రాగానే రికార్డులో ఎక్కించి వెళ్ళిపోయే అలవాటు నాకూ ఉండేది. చిన్నాన్న గొట్టం మీద 26 చూసిన నాటి నుంచీ రెండోసారి చూడకుండా ఏ అంకే రాయడం లేదు.