తీర్మానాల పుస్తకంలో ఫూలే: పుణె మునిసిపాలిటీలో ఒక అసమ్మతి ఓటు

ఏటా ఏప్రిల్ 11న మనం మహాత్మా జోతిరావు ఫూలే విగ్రహాలకు దండలు వేస్తాం. ఆడపిల్లల కోసం పెట్టిన బడి గురించీ, బడికి వెళ్ళే దారిలో సావిత్రిబాయి మీద పడిన పేడముద్దల గురించీ, గులాంగిరీ గురించీ మాట్లాడుకుంటాం. ఆయన జీవితంలో మరో ఆరేళ్ళు మాత్రం మన ఉపన్యాసాల్లోకి పెద్దగా రావు. 1876 నుంచి 1882 దాకా ఫూలే పుణె మునిసిపాలిటీ సభ్యుడు. వీధి దీపాలు, మురికికాలువలు, కూరగాయల బజారు, దొరల రాకకు కట్టే తోరణాల ఖర్చు లాంటి రోజువారీ పనులు చూసే సభలో ఆయన కూర్చున్నారు. రిజర్వుడు స్థానంలో గెలిచినా తీర్మానాల పుస్తకంలో సంతకం కోసం తప్ప ఎవరూ పిలవని సర్పంచులు, వార్డు మెంబర్లు, కౌన్సిలర్లు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. వాళ్ళు ఈ ఆరేళ్ళ కథ తెలుసుకోవాలి.

ఫూలే 1827లో పుణెలో మాలీ కులంలో పుట్టారు. పూలు, కూరగాయలు పండించి అమ్మే శూద్ర కులం అది. పేరు దగ్గరగా ఉన్నా మన మాల కులం వేరు, మహారాష్ట్ర మాలీలు వేరు. వాళ్ళ అసలు ఇంటిపేరు గోర్హే. పీష్వాలకు పూలు సరఫరా చేయడం వల్ల ఫూలే అయింది. ఆ పీష్వాల రాజ్యం పోయి అప్పటికి తొమ్మిదేళ్ళే. రాజ్యం పోయినా ఊరి మీద పెత్తనం పోలేదు. చిన్నప్పుడే తల్లి చనిపోయింది. తండ్రి గోవిందరావు కొడుకును బడి మాన్పించి తోటపనిలో పెట్టారు. ఇరుగుపొరుగున ఉన్న ఒక ముస్లిం పండితుడు, ఒక క్రైస్తవ పెద్దమనిషి నచ్చజెప్పాక మళ్ళీ బడికి, ఈసారి స్కాటిష్ మిషన్ బడికి పంపారు.

1848లో ఒక బ్రాహ్మణ మిత్రుడి పెళ్ళి ఊరేగింపులో నడిచినందుకు ఆయనకు అవమానం జరిగింది. అదే ఏడాది ఆయన ఆడపిల్లల బడి తెరిచారు. మరుసటి ఏడాది తండ్రి ఇంట్లోంచి దంపతులు బయటికి రావాల్సి వచ్చింది. 1850ల మొదట్లోనే మహార్, మాంగ్ పిల్లలకు బడులు పెట్టారు. ఆ బడిలో చదివిన మాంగ్ బాలిక ముక్తా సాల్వే 1855లో తన జనం బాధల మీద వ్యాసం రాసింది. 1868లో ఫూలే తన ఇంటి నీటి తొట్టిని అంటరాని కులాలకు తెరిచారు. ఊరికంతటికీ నీళ్ళు ఇవ్వడం పట్టణ సభ పని. ఆ పని ఆ ఊళ్ళో జరగలేదు కాబట్టే ఒక మనిషి తన పెరటి గోడ లోపల మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ళ తర్వాత ఆయన ఆ సభలోకే అడుగుపెట్టారు.

పుణె మునిసిపాలిటీ 1857లో ఏర్పడింది. ఫూలే కాలంలో సభ్యులు జనం ఓట్లతో వచ్చేవాళ్ళు కాదు, సర్కారు నియమించేది. ఇనాందార్లు, వకీళ్ళు, సాహుకార్లు, పెన్షన్ తీసుకున్న ఉద్యోగులు, కొందరు ఇంగ్లీషు అధికారులు కూర్చునేవాళ్ళు. ఆదాయంలో పెద్ద భాగం ఆక్ట్రాయ్ నుంచి వచ్చేది. ఊళ్ళోకి వచ్చే సరుకు మీద నాకా దగ్గర వసూలు చేసే సుంకం అది. దాని తర్వాత ఇంటిపన్ను. పాయిఖానాలు ఎత్తినందుకు బొంబాయి రాష్ట్ర పట్టణాల్లో వేసే పన్నుకు హలాల్‌ఖోర్ పన్ను అని పేరు. ఆ పని చేసే కులం పేరే పన్నుకు పెట్టారన్నమాట. పట్టణ సభకు దళితులు తెలుసు, చీపురు పట్టుకున్న చేతులుగా తెలుసు. బల్ల చుట్టూ కుర్చీల్లో మాత్రం వాళ్ళు లేరు.

ఫూలేకు కుర్చీ ఎలా దొరికింది? అప్పటికి ఆయన సత్యశోధక్ సమాజ్ స్థాపించి మూడేళ్ళయింది. విద్యావేత్తగా సర్కారు దగ్గర పేరుంది. దానితోపాటు ఆయన కాంట్రాక్టరు కూడా. ఖడక్‌వాస్లా ఆనకట్ట, కాత్రజ్ సొరంగం లాంటి పనుల్లో ఆయనకూ, ఆయన భాగస్వాములకూ పాలు ఉంది. రాళ్ళు కొట్టే కూలీకి దక్కేది ఎంత, కాగితం మీద చూపించేది ఎంత అన్నది కళ్ళారా చూసిన మనిషి. పబ్లిక్ వర్క్స్ శాఖ గుమాస్తాలు కూలీలను ఎలా ముంచుతారో 1873 నాటి గులాంగిరీలోనే రాశారు. కాబట్టి మునిసిపాలిటీ జమాఖర్చులు చూసి ఆయన బెదరలేదు. ఒక్కొక్క పద్దు దగ్గర ఆగి, ఈ డబ్బు ఎవరు కట్టారు, ఎవరికి ఖర్చవుతోంది అని అడిగే అలవాటు ఆయనది.

వైస్రాయ్ పుణె వస్తున్నాడని ఒకసారి కబురొచ్చింది. ఊరు అలంకరించడానికి వెయ్యి రూపాయలు ఖర్చు పెడదామని సభ ముందు ప్రతిపాదన పెట్టారు. దొరగారి రాక, పైగా కూర్చున్న వాళ్ళంతా ఆ దొరలు నియమించిన వాళ్ళే. కాదనేవాడు ఎవడు? ఫూలే కాదన్నారు. తోరణాలకు పెట్టే డబ్బు పేదపిల్లల చదువుకు పెడితే ఊరికి మేలన్నారు. ఓటింగు జరిగితే వ్యతిరేకంగా పడింది ఆయన ఓటు ఒక్కటే. తీర్మానం నెగ్గింది, తోరణాలు కట్టారు. ఆయనను కూడా ఆ దొరతనమే నియమించింది, తలచుకుంటే తీసేయగలదు. అయినా ఆ ఒక్క చేయి లేచింది.

సారా దుకాణాల విషయంలోనూ అంతే. 1880లో పుణెలో కొత్త దుకాణాలు వెలుస్తుంటే ఫూలే మునిసిపాలిటీ కార్యనిర్వాహక సంఘం అధ్యక్షుడికి ఉత్తరం రాశారు. అంతకుముందు ఊరి బయట ఉన్న దుకాణం ఇప్పుడు ఊరి నడిబొడ్డుకు వచ్చిందనీ, కూలినాలి కుటుంబాలు నాశనమవుతున్నాయనీ వాదించారు. ప్రజల ఆరోగ్యం మునిసిపాలిటీ బాధ్యత అయినప్పుడు సారా దుకాణం కూడా దాని విషయమే అన్నది ఆయన తర్కం. ఆబ్కారీ రాబడి సర్కారుకు కావాలి. తాగి పడిపోయినవాడి ఇంటి ఆకలి మాత్రం ఏ ఖాతాలోకీ రాదు. మన దగ్గర నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1990ల మొదట్లో సారాకు ఎదురుతిరిగినప్పుడు అడిగిందీ ఈ లెక్కనే.

ఇక బజారు సంగతి. అప్పటిదాకా పుణెలో కూరగాయలవాళ్ళు శనివార్‌వాడా ముందున్న ఖాళీ జాగాలో కూర్చుని అమ్ముకునేవాళ్ళు. లక్షల రూపాయలు పెట్టి గోపురంతో పెద్ద మార్కెట్ భవనం కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. ఫూలే, ఆయన మిత్రుడు హరి రావజీ చిప్లూణ్‌కర్ దానికి అడ్డుపడ్డారు. చదువుకు డబ్బు లేదనే సభకు భవనానికి ఎక్కడి నుంచి వచ్చిందన్నది వాళ్ళ అభ్యంతరం. ఫూలే కూరగాయల వ్యాపారం తెలిసిన ఇంటి బిడ్డ. మార్కెట్‌లో రోజూ కూర్చోబోయేది ఆయన కులంవాళ్ళే. అయినా, గోపురం కంటే బడి ముందన్నారు. ఆ మాట నెగ్గలేదు. 1886లో భవనం పూర్తయింది. గవర్నరు పేరు మీద దానికి రే మార్కెట్ అని పేరు పెట్టారు.

నాకా దగ్గర సుంకం కట్టి, బజారులో దళారికి ఇచ్చి, సాయంత్రానికి వట్టి చేతులతో ఊరికి పోయే రైతు ఫూలేకు బాగా తెలుసు. 1883లో పూర్తిచేసిన షేత్కర్యాచా ఆసూడ్ పుస్తకంలో ఆ రైతు బతుకును విప్పి చెప్పారు. పట్టణపు దీపాలు పల్లె చెమటతో వెలుగుతాయని ఆయనకు తెలిసింది పుస్తకాల్లోంచి కాదు. పన్ను వేసే బల్ల దగ్గర ఆరేళ్ళు కూర్చున్నారు.

ఆ అనుభవం తేలింది 1882 అక్టోబరులో. దేశంలో విద్య పరిస్థితి చూడడానికి హంటర్ కమిషన్ వచ్చింది. ఫూలే దానికి రాతపూర్వకంగా వాంగ్మూలం ఇచ్చారు. పన్నెండేళ్ళ వయసు దాకా చదువు నిర్బంధం చేయాలని అడిగారు. ఉపాధ్యాయులు శ్రమకులాల నుంచి రావాలనీ, వాళ్ళకు కనీసం నెలకు పన్నెండు రూపాయల జీతం ఉండాలనీ అడిగారు. మహార్, మాంగ్ పిల్లలను మిగతావాళ్ళ పక్కన కూర్చోనివ్వరనీ, అయిదు వేలకు మించిన ఆ జనం కోసం పుణె మొత్తంలో ఒకే ఒక్క బడి ఉందనీ, దానికి వచ్చే పిల్లలు ముప్పయి మంది కూడా లేరనీ చెప్పారు.

మునిసిపాలిటీల గురించి అందులో ఒక సూచన ఉంది. పట్టణంలోని ప్రాథమిక బడుల ఖర్చంతా మునిసిపాలిటీయే భరించాలి. వాటి నిర్వహణ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మునిసిపాలిటీ చేతికి ఇవ్వకూడదు, విద్యాశాఖ అజమాయిషీలోనే ఉండాలి. ఇది మునిసిపల్ సభ్యుడిగా పనిచేసిన మనిషి చెప్పిన మాట. డబ్బు ఊరందరిదీ కాబట్టి ఖర్చు పెట్టాల్సిందే. పెత్తనం కొన్ని కులాలది కాబట్టి వాళ్ళ చేతిలో మన పిల్లలను పెట్టలేం. వెయ్యి రూపాయల తోరణం దగ్గరా, లక్షల భవనం దగ్గరా చేతులు ఎలా లేచాయో చూసిన తర్వాత ఆయన వచ్చిన నిర్ణయం అది.

అదే 1882 మే నెలలో వైస్రాయ్ రిపన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం ప్రకటించాడు. 1884 చట్టాలతో బొంబాయి రాష్ట్రంలో ఎన్నికైన సభ్యుల సంఖ్య పెరిగింది. పాఠ్యపుస్తకాల్లో రిపన్‌ను స్థానిక పాలనకు పితామహుడంటారు. ఓటు మాత్రం ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్ళకే. అవి ఎవరికి ఉన్నాయో చెప్పనక్కర్లేదు. దొర చేతిలోని అధికారం ఊరి పెద్దల చేతికి వచ్చింది. వాడలోకి ఎప్పుడు వస్తుందన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

ఫూలే అడగడం మానలేదు. 1888లో విక్టోరియా రాణి కొడుకు డ్యూక్ ఆఫ్ కన్నాట్ గౌరవార్థం చిప్లూణ్‌కర్ ఇచ్చిన విందుకు ఆయన రైతు వేషంలో వెళ్ళారు. నగలు పెట్టుకుని అక్కడ కూర్చున్నవాళ్ళను చూసి ఇదే దేశమనుకోవద్దనీ, పల్లెలకు వెళ్ళి చూడమనీ రాకుమారుడికి చెప్పారు. అదే ఏడాది మే 11న బొంబాయి సభలో జనం ఆయనకు మహాత్మా అని పేరు పెట్టారు. కొద్దికాలానికే పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. ఎడమ చేత్తో సార్వజనిక్ సత్యధర్మ పుస్తకం రాశారు. ఒకప్పటి కాంట్రాక్టరు చివరి రోజుల్లో మందులకు కూడా ఇబ్బంది పడ్డారు. 1890 నవంబరు 28న కన్నుమూశారు.

ఆయన వదిలివెళ్ళిన ప్రశ్న ముప్పయి ఏడేళ్ళ తర్వాత కొంకణ్‌లోని మహాడ్ అనే చిన్న పట్టణంలో బయటపడింది. ప్రజల సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరాని కులాలకు తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ 1924లో చవదార్ చెరువు తెరుస్తూ తానూ తీర్మానం చేసింది. తీర్మానం పుస్తకంలోనే ఉండిపోయింది. 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో జనం వెళ్ళి ఆ నీళ్ళు తాగాక దాడులు జరిగాయి. ఆగస్టులో అదే మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. చెరువు అందరిదీ అని బొంబాయి హైకోర్టులో తేలడానికి 1937 దాకా పట్టింది. బుద్ధుడు, కబీరులతోపాటు ఫూలేను అంబేడ్కర్ తన గురువుగా చెప్పుకున్నారంటే కారణాలు చాలా ఉన్నాయి. ఊరి సభను నమ్మే ముందు అందులో ఎవరు కూర్చున్నారో చూడమన్న పాఠం వాటిలో ఒకటి.

1992 నాటి 73, 74వ రాజ్యాంగ సవరణల తర్వాత పంచాయతీల్లో, మునిసిపాలిటీల్లో ఎస్సీ, ఎస్టీలకు జనాభా ప్రకారం స్థానాలు, మహిళలకు మూడో వంతు స్థానాలు వచ్చాయి. ఫూలే ఆనాడు చూడని దృశ్యం అది. కుర్చీ వచ్చింది. బడ్జెట్ కాగితం ముందుగా చేతికి వస్తోందా, పద్దు చదివి కాదనే వీలు ఉందా, కాదన్న మాట తీర్మానాల పుస్తకంలోకి ఎక్కుతోందా అన్నవి ఈనాటి ప్రశ్నలు. గెలిచిన మన వార్డు మెంబరును జయంతి రోజు స్టేజీ మీద కూర్చోబెట్టడంతోపాటు, మిగతా రోజుల్లో ఆ కాగితాలు పక్కన కూర్చుని చదివిపెట్టే విద్యార్థులు కావాలి.

పుణెలో ఆ మార్కెట్ ఇప్పటికీ ఉంది. గోపురం కింద కూరగాయలు అమ్ముతూనే ఉన్నారు. 1930ల చివర, ఆచార్య అత్రే పుణె మునిసిపాలిటీలో ఉన్నప్పుడు దాని పేరు మార్చారు. కట్టవద్దన్న మనిషి పేరే దానికి పెట్టారు. ఇప్పుడది మహాత్మా ఫూలే మండై. ఆయన అడిగింది బడి.