సవర మాటను రాసిన గిడుగు రామమూర్తి గారు

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం జిల్లా ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు ఆయన తోటి విద్యార్థి. 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో టీచరుగా చేరారు. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది.

ఆ ఊరి చుట్టూ కొండల్లో సవర గిరిజనులు ఉంటారు. అప్పట్లో వాళ్ళ పిల్లలకు బడి లేదు, వాళ్ళ భాషకు లిపి లేదు. రామమూర్తి గారు ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. తర్వాత సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పించారు.

ఐతే లిపి లేని మాటను ఎలా రాయాలి? సవరలో గొంతులో గాలి చటుక్కున ఆగిపోయే శబ్దం ఒకటుంది. దానికి తెలుగులో అక్షరం లేదు, ఇంగ్లీషు 26 అక్షరాల్లోనూ లేదు. కానీ లండన్‌లో కొందరు బాటిల్ అనేటప్పుడు మధ్యలో ట పలకకుండా అచ్చం ఇలాగే గొంతు ఆపుతారు!

ఇంగ్లీషుకు అక్షరాలు 26 ఐనా శబ్దాలు దాదాపు 44. అందుకే డిక్షనరీలో మాట పక్కన వేరే గుర్తులు వేసి ఎలా పలకాలో చూపిస్తారు. షిప్ అంటే ఓడ, షీప్ అంటే గొర్రె. షీప్‌లో ఈ శబ్దం దీర్ఘం అని చెప్పడానికి రెండు చుక్కలు పెడతారు. శబ్దాలను ఇలా విడదీసి చూసే చదువును ధ్వనిశాస్త్రం అంటారు. రామమూర్తి గారు ఆ శాస్త్రం నేర్చుకుని సవర మాటలు రాశారు. 1931లో అచ్చైన ఆయన సవర వ్యాకరణం పేరులోనే ‘సోరా’ అనే మాటకు ఆ రెండు చుక్కలు రెండుసార్లు కనిపిస్తాయి. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది.

ఈ పనికి ఆయన చాలా కష్టపడ్డారు. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ ఎక్కువగా వాడి చెవుడు వచ్చింది. అంత శ్రద్ధగా మాటలు విన్న మనిషికి వినికిడి పోయింది. ఐనా పని ఆపలేదు. పుస్తకాల్లోని తెలుగు కూడా జనం మాట్లాడే తెలుగులా ఉండాలని పోరాడారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

మన ఇళ్ళల్లో మాట్లాడే మాట విని కొందరు నవ్వుతారు. ఇంగ్లీషును ఏ శాస్త్రంతో నేర్పుతారో, అదే శాస్త్రంతో రామమూర్తి గారు గిరిజనుల మాటను రాశారు. శాస్త్రం ముందు ఏ నోటి మాటా తక్కువ కాదు. కాబట్టి మనం ఇంగ్లీషు బాగా పలకడం నేర్చుకోవాలి, ఇంటి మాటను కూడా సిగ్గుపడకుండా మాట్లాడాలి.

– 9వ తరగతి విద్యార్థిని, కొత్తపట్నం