పెద్ద ఇల్లు వదిలి గుడిసెకు
(ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారి జీవితంలో ఒక ఘట్టం)

ఉద్యోగంలో ఉన్నంతకాలం మనకు రాజకీయాలు నిషిద్ధం. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వోద్యోగి ఏ రాజకీయ పార్టీలోనూ చేరరాదు, ఎన్నికలలో ప్రచారం చేయరాదు. ఓటు వేసి ఇంటికి రావడం వరకే మన హక్కు. పదవీ విరమణ తరువాత ఆ కట్టు ఉండదు. అయినా మన మిత్రులలో ఎవరైనా ఒక చిన్న పార్టీలో చేరి జెండా పట్టుకుంటే ఇంట్లోవారు ఈ వయసులో నీకెందుకంటారు. వీధిలోవారు డిపాజిట్టు కూడా దక్కని పార్టీ అని నవ్వుతారు. అలాంటి మాట చెవిన పడినప్పుడల్లా నాకు టంగుటూరి ప్రకాశం పంతులు గారు గుర్తుకు వస్తారు.

పంతులు గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. పదకొండో ఏట తండ్రి గోపాలకృష్ణయ్య గారు గతించారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను సాకారు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు ఆదరించకపోతే ఆయన చదువు ముందుకు సాగేది కాదు. ప్లీడరై, రాజమండ్రి మునిసిపల్ చైర్మనై, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, మద్రాసు హైకోర్టులో దండిగా ఆర్జించారు. గాంధీ గారి పిలుపుతో ఆ ప్రాక్టీసు వదులుకున్నారు. 1921లో స్థాపించిన స్వరాజ్య పత్రికకు సంపాదనంతా ధారపోశారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చిన రోజున మద్రాసులో తుపాకుల ఎదుట రొమ్ము విరిచి నిలబడ్డ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉంటూ జమీందారీ రైతుల హక్కుల విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యారు. ఏడాది తిరగకుండానే సొంత పార్టీ వారే ఆయనను దించారు.

ఇంతవరకు అందరూ చెప్పే కథే. నేను చెప్పదలచుకున్నది 1951 నాటి సంగతి.

ఆ సంవత్సరం ఆంధ్ర ప్రాదేశిక కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో ఆచార్య రంగా గారు నీలం సంజీవరెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. ముఠా తగాదాలతో, అవినీతితో కాంగ్రెసు చెడిపోయిందని భావించి పంతులు గారు, రంగా గారు బయటికి వచ్చి ప్రజాపార్టీ పెట్టారు. కొద్దికాలానికే రంగా గారు విడిపోయి కృషికార్ లోక్ పార్టీ స్థాపించారు. పంతులు గారు తన అనుచరులతో ఆచార్య కృపలానీ గారి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలో చేరారు.

అప్పటికి ఆయన వయసు దాదాపు డెబ్బై తొమ్మిది. మూడు దశాబ్దాలు సర్వస్వం అర్పించిన కాంగ్రెసును వదిలారు. ఢిల్లీలోనూ మద్రాసులోనూ అధికారం ఆ పార్టీదే. కొత్త పార్టీకి డబ్బు లేదు. దాని ఎన్నికల గుర్తు గుడిసె. మన మార్కాపురం పలక మీద రాసినదంతా తుడిచి మళ్ళీ ఓనమాలు దిద్దినట్లు, ఆ వయసులో ఆయన ఊరూరా తిరిగి పార్టీకి మనుషులను కూడగట్టారు.

ఫలితం ఏమైంది? 1952 ఎన్నికలలో దేశం మొత్తం మీద ఆ పార్టీకి లోక్‌సభలో 9 స్థానాలే దక్కాయి. కాని 375 స్థానాల మద్రాసు శాసనసభలో 35 వచ్చాయి. కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చి మెజారిటీ పోయింది. పలువురు మంత్రులు ఓడారు. సంజీవరెడ్డి గారు కూడా అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. ప్రతిపక్షాలన్నీ ఐక్య ప్రజాస్వామ్య సంఘటనగా ఏర్పడి పంతులు గారిని నాయకునిగా ఎన్నుకున్నాయి. అయినా గవర్నరు రాజాజీని పిలిచారు. ఆయనను శాసనమండలికి నామినేట్ చేసి ముఖ్యమంత్రిని చేశారు. పంతులు గారి చేతికి వచ్చిన ముద్ద నోటికి అందలేదు.

తరువాత పొట్టి శ్రీరాములు గారి ఆత్మత్యాగంతో 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆనాడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివే. ఆఫీసులు డేరాలలో నడిచేవని, గుమాస్తాలు అక్కడే రికార్డులు పెట్టుకుని రాసుకునేవారని మా పెద్దలు చెప్పగా విన్నాను. తొలి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు గారే. అప్పటికి ఆయనకు ఎనభై ఒక్క ఏళ్ళు.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. 1952లో ఆయన పార్టీ సోషలిస్టులతో కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ అయింది. ముఖ్యమంత్రి కావడానికి పంతులు గారు దానిని వదిలి కాంగ్రెసు మద్దతు తీసుకున్నారు. ఏ పార్టీని నిందించి బయటికి వచ్చారో దాని అండతోనే గద్దె ఎక్కారని విమర్శించారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. చిన్న పార్టీని నమ్ముకుని వెంట వచ్చిన కార్యకర్తకు ఆ రోజు ఎంత కష్టం కలిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. రాష్ట్రాన్ని నిలబెట్టడమే ముఖ్యమని ఆయన అభిమానులు సమాధానం చెబుతారు. రెండు మాటలూ మనం వినాలి.

ఆ ప్రభుత్వం పదమూడు నెలలే నడిచింది. ఆ కొద్దికాలంలోనే తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు వెలిశాయి. 1954 నవంబరు 6న మద్యనిషేధం విషయమై వచ్చిన తీర్మానంపై ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఒక్క ఓటు విలువ ఎంతో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఎండనపడి తిరిగి వడదెబ్బ తగిలి 1957 మే 20న హైదరాబాదులో పంతులు గారు కన్నుమూశారు. లక్షలు ఆర్జించిన బారిస్టరు చివరకు వెనకేసుకున్నది ఏమీ లేదు.

1970లో మన తాలూకాలను కలుపుకుని ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం గారి పేరు పెట్టారు. ఆయన ఎన్నిసార్లు గెలిచారని గాని, ఏ పార్టీలో చనిపోయారని గాని ఎవరూ లెక్క చూడలేదు. ఈ పడమటి ప్రాంతానికి నీళ్ళివ్వడానికి తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు కూడా రాష్ట్రంలో ఎన్నడూ సొంతంగా అధికారం ఎరుగని కమ్యూనిస్టు పార్టీలో పనిచేసిన పూల సుబ్బయ్య గారి పేరే ఉంది.

కాబట్టి సోదర పెన్షనర్లకు, వారి కుటుంబ సభ్యులకు నా మనవి ఒక్కటే. మనలో ఎవరైనా ఓపిక ఉండి, ఊరి మంచి కోసం ఏదో ఒక పార్టీలో పనిచేస్తానంటే వయసు లెక్క చెప్పి కూర్చోబెట్టకండి. పార్టీ పెద్దదా చిన్నదా అని కాదు, అందులో ఆయన చేసే పని ఏమిటని అడగండి. చేరే పెద్దలు కూడా వెంట వచ్చేవారిని నడిదారిలో వదలనంత నిబ్బరం తమకు ఉన్నదో లేదో ముందే తేల్చుకోవాలి. పంతులు గారి జీవితం ఈ రెండు పాఠాలూ నేర్పుతుంది.